కొండ మీద మిగిలిన రెండు చోట్లు

ఊరి పెద్దల నుంచి ఉత్తరం ఫిబ్రవరి ఆఖర్లో వచ్చింది. కొండ మీది పాత సమాధుల తోటను మూసేస్తారట. ఎక్కడ పార వేసినా రెండడుగుల లోతులో బండ తగులుతోంది. తూర్పు గోడ పక్కన మాత్రం ఇంకా రెండు చోట్లు మిగిలాయి. ఆ రెండింటికీ మార్చి నెలాఖరులోగా పేర్లు రాసివ్వాలి, ఆ తర్వాత దేవుడు దిగొచ్చి అడిగినా కుదరదు. తోటకు ధర్మకర్తను నేనే గనక ఉత్తరం నా పేరున వచ్చింది. ధర్మకర్త అంటే అదేదో పెద్ద హోదా అనుకునేరు. గడ్డి కోయించడం, మంచుకు ఒరిగిన రాళ్ళను నిలబెట్టించడం, గోడ దూకి వచ్చే గొర్రెలను అదిలించడం, అంతే. చేసేవాళ్ళు ఇంకెవరూ మిగలక నా నెత్తిన పడింది.

ఆ తోటలో అందరికీ చోటు లేదు. మూడొందల ఏళ్ళ కిందట ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చి, ఈ మసాచుసెట్స్ అడవిలో చెట్లు కొట్టి ఇల్లు కట్టుకున్న జేబెజ్ టాల్‌మన్ మా మూలపురుషుడు. తన రక్తం పంచుకు పుట్టినవాళ్ళు తప్ప ఇంకెవరూ ఆ కొండ మీద పడుకోకూడదని వీలునామా రాసి పోయాడు. మహానుభావుడు, ఇంకొకళ్ళ అడవినంతా తేరగా తీసుకుని, ఆరడుగుల నేల దగ్గరికి వచ్చేసరికి పిసినారితనం చూపించాడు.

కాగితం తీసి మొదటి గీత మీద నా పేరు రాసుకున్నాను. హెప్సిబా టాల్‌మన్. వయసు డెబ్భై ఆరు. పెళ్ళి కాలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ ఊరి పుట్టుకలూ చావులూ రాసిపెట్టే టౌన్ క్లర్క్‌గా చేసి పదకొండేళ్ళ కిందట దిగిపోయాను. రెండో గీత మీద రాయడానికి ఎవరూ లేరు. కాగితాన్ని ఉప్పు డబ్బా కింద పెట్టి టీ కాచుకున్నాను. ఒక కప్పే.

ఆ రెండో గీత ఖాళీగా ఉంటే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. వరస తప్పించి పూడ్చకూడదన్నది తోట నియమం. మొదటి చోటు గొర్రెపిల్ల రాయిని ఆనుకుని ఉంది, రెండోది గోడ వైపు. నేనొక్కదాన్నే అయితే నన్ను ఆ రాయి పక్కనే పెడతారు. చావంటే నాకు భయం లేదు. ఆ రాయి పక్కన పడుకోవడమంటే మాత్రం ఏడేళ్ళప్పటి నుంచీ భయం. పాలరాతి మీద చిన్న గొర్రెపిల్లను చెక్కారు, దాని కింద ఉన్న పేరు నాదే.

నాకు ముందు మా అమ్మకు ఒక కూతురు. ఆమె పేరూ హెప్సిబానే. నాలుగేళ్ళ పిల్ల, 1902 నవంబర్లో గొంతు జబ్బుతో పోయింది. మరుసటి జనవరిలో నేను పుట్టాను. పోయిన పిల్ల పేరు తర్వాత పుట్టిన పిల్లకు పెట్టడం మా వైపు పాత అలవాటు, ఎవరూ వింతగా చూడరు. పేరుతో పాటు ఆమె గౌన్లు, గుడ్డ బొమ్మ, వెండి చెంచా కూడా నాకే వచ్చాయి. అయినా అమ్మ నన్ను హెప్సీ అనే పిలిచేది. పూర్తి పేరు ఆ పిల్లకే ఉంచుకుంది. నేను పాలు ఒలకబోస్తే, "హెప్సిబా అయితే ఇలా చేసేది కాదు" అనేది. హెప్సిబాను నేనే కదమ్మా అని అడగాలని అమ్మ పోయేదాకా అనిపించేది. అడగలేదు.

ఏడేళ్ళకు చదవడం వచ్చింది. ఆ మే నెలలో సమాధులకు పూలు పెట్టే రోజున నాన్న వెంట కొండెక్కి, గొర్రెపిల్ల ముద్దుగా ఉందని దగ్గరకు వెళ్ళి, కింద రాసింది కూడబలుక్కుని చదివాను. నా అరుపుకు కాకులు లేచిపోయాయని నాన్న చాలాకాలం చెప్పుకుని నవ్వేవాడు.

తొమ్మిదేళ్ళప్పుడు పెర్సిస్ వార్డ్‌వెల్ నాతో కొండెక్కింది. నది ఒడ్డు వార్డ్‌వెల్ వాళ్ళమ్మాయి, బడిలో నా పక్కన కూర్చునేది. నేను గోడ దగ్గరే ఆగిపోయి రానన్నాను.

"ఎందుకే అంత భయం?" అంది.

"చచ్చాక నన్ను కూడా దాని పక్కనే పెడతారు. అప్పుడు మా ఇద్దరిలో ఎవరు ఎవరో దేవుడికి కూడా తెలీదు."

పెర్సిస్ కాసేపు ఆలోచించింది. తర్వాత వెళ్ళి ఆ రాయి పక్కన గడ్డిలో వెల్లకిలా పడుకుంది. "ఇటు అది, అటు నువ్వు, మధ్యలో నేనుంటాను. నన్ను దాటి అదేం రాలేదు. వచ్చి పడుకో" అంది. వెళ్ళి పడుకున్నాను. మేఘాలు చూస్తూ ఆమె జేబులోని యాపిల్‌ను చెరి సగం కొరుక్కు తిన్నాం. నాకంత ధైర్యం ఆ తర్వాత ఎవరూ ఇవ్వలేదు.

అలాంటి పెర్సిస్‌తో నేను మాట్లాడి పదిహేడేళ్ళయింది.

మా ఇళ్ళలో పుట్టుకలూ పెళ్ళిళ్ళూ చావులూ బైబిలు మొదటి పేజీల్లో రాసుకుంటారు. మా కొండ ఇంటి బైబిల్లో చావుల పేజీలో మూడో వరస ఇది: జేబెజ్ కూతురు హెప్సిబా, 1674 డిసెంబరు 3న పోయింది. వయసు రాయలేదు. పుట్టుకల పేజీలో చూద్దామంటే దాని పై సగం ఎలుకలు తినేశాయి. నది ఒడ్డు వార్డ్‌వెల్ వాళ్ళ బైబిల్లో ఇంకో మాట ఉంది: జేబెజ్ కూతురు హెప్సిబా, 1674 ఫిబ్రవరి 9న పుట్టింది, 1695లో ఎబెనెజర్ వార్డ్‌వెల్‌ను పెళ్ళాడి తొమ్మిది మందిని కన్నది. వార్డ్‌వెల్ వాళ్ళంతా ఆ తొమ్మిది మంది సంతానమే.

రెండు బైబిళ్ళూ పక్కపక్కన పెడితే ఏం కనిపిస్తుంది? ఫిబ్రవరిలో పుట్టిన పిల్ల అదే ఏడాది డిసెంబర్లో పోయింది. పది నెలల పిల్ల. ఆ పిల్లకు పెళ్ళేమిటి, తొమ్మిది కాన్పులేమిటి? ఎబెనెజర్ ఎవరో పనిమనిషిని కట్టుకుని, పరువు కోసం జేబెజ్ కూతురి పేరు తగిలించాడని మా వాళ్ళు తేల్చేశారు. మా తాతయ్య వాళ్ళను "చచ్చిన పిల్ల మనవలు" అనేవాడు, చర్చి విందుల్లో వాళ్ళు వింటుండగానే. మీ బైబిల్లో ఆ ముక్క రాసినవాడు తాగి రాశాడని వాళ్ళూ అనేవారు. ఎన్ని తరాలు గడిచినా ఈ వాదనంటే ఎవరికీ విసుగు రాలేదు.

1962లో ఊరికి మూడొందల ఏళ్ళ పండగ చేశారు. జేబెజ్ సంతతి పేర్లన్నీ చెక్కిన రాయిని చౌరస్తాలో నిలబెట్టాలనుకున్నారు. అందులో పేరు ఎక్కాలంటే టౌన్ క్లర్క్ సంతకం పెట్టిన వంశపత్రం కావాలి. ఆ సంతకం నాది. ఏప్రిల్లో ఒక పొద్దున పెర్సిస్ ఆఫీసుకు వచ్చింది. వాళ్ళ బైబిలును దిండు గలీబులో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తెచ్చింది.

"హెప్సీ, నాకో కాగితం రాసివ్వవే, జేబెజ్ మనవరాలినని" అంది నవ్వుతూ.

ఎందుకని నేను అడగలేదు. పండగ రాయి కోసమే అనుకున్నాను.

నిజం చెబుతాను, నాకు ఒళ్ళు మండింది. మొగుడు ఆల్వా బీబీ, ముగ్గురు కొడుకులు, మనవలు, పొద్దస్తమానం మనుషులతో నిండి ఉండే వంటిల్లు, అన్నీ ఆమెకున్నాయి. నాకున్నది ఒక్క జేబెజ్ టాల్‌మన్. ఈ ముసలాడిలో కూడా వాటాకు వచ్చిందే అనుకున్నాను. ఊరి పాత పుట్టుక చావుల నకలు పుస్తకం తీసి పట్టుమని ఐదు నిమిషాలు కూడా చూడకుండా, "పెర్సిస్, పది నెలల పిల్లకు పెళ్ళి చేసే చట్టం ఈ ఊళ్ళో లేదు" అన్నాను. కుక్కల లైసెన్సు కోసం వరసలో నిలబడ్డవాళ్ళు గొల్లుమన్నారు. పెర్సిస్ బైబిలును మళ్ళీ గలీబులో చుట్టుకుంది. తలుపు మెల్లగా దగ్గరకు వేసి వెళ్ళిపోయింది. ధడాలున వేసి ఉంటే నాకు కొంత బాగుండేది.

ఆ తర్వాత కొట్లో ఎదురుపడితే ఆమె పిండి బస్తాల వైపు, నేను సబ్బుల వైపు. రెండేళ్ళ కిందట ఆల్వా పోయినప్పుడు యాపిల్ ముక్కలు కూరిన పై రొట్టె చేసి, గుడ్డ కప్పి, పట్టుకుని బయల్దేరాను. వంతెన సగం దాకా నడిచి వెనక్కొచ్చాను. ఆ యాపిల్ పైని మూడు రోజులు నేనే తిన్నాను.

మార్చి మొదటి వారంలో నా పుట్టుక కాగితం కోసం ఆఫీసుకు వెళ్ళాను. పేరు రాసిస్తే చాలదట, దానికి ఆధారం కూడా జత చెయ్యాలట. నా తర్వాత క్లర్క్‌గా వచ్చిన వారెన్ స్టిక్నీ మంచివాడే, కాకపోతే నోరు ఊరుకోదు.

"రండి మిస్ టాల్‌మన్, రండి. కుర్చీ మీదే. మీరొచ్చేదాకా దాని వెచ్చదనం చల్లారకుండా చూస్తున్నానంతే."

"చల్లారకుండా చూస్తే చాలదు వారెన్, అప్పుడప్పుడు అందులో కూర్చుని పని కూడా చెయ్యాలి. నా పుట్టుక కాగితం తియ్యి."

అతను సొరుగు లాగి కార్డులు తిరగేశాడు. "హెప్సిబా టాల్‌మన్... ఇదుగో. అయ్యో, మీరు పోయారండీ! 1902 నవంబరు."

"అది మా అక్క."

"ఆఁ, ఇదుగో మీరు. 1903 జనవరి. ఇద్దరికీ ఒకటే పేరా? మధ్యలో కొత్త సంవత్సరం వచ్చింది కాబట్టి మీరు బతికిపోయారు. లేకపోతే రెండు కార్డులూ ఒకళ్ళవే అనుకుని, జనవరిలో పుట్టించి నవంబర్లో చంపేసేవాణ్ణి."

తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు. నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

"ఏమైంది మిస్ టాల్‌మన్? నీళ్ళు తెమ్మంటారా? ఊరికే అన్నానండీ..."

"ఇనుప గది తాళం ఇవ్వు. మొదటి పుస్తకం కావాలి. నకలు కాదు, అసలుది."

"దాన్ని ముట్టుకుంటే పొడైపోతుంది, ఎవరడిగినా ఇవ్వకు అని మీరే కదా చెప్పారు?"

"చెప్పాను. ఇప్పుడు ఇవ్వమని కూడా నేనే చెబుతున్నాను."

జేబెజ్ కాలంలో సంవత్సరం జనవరి ఒకటిన మారేది కాదు. మార్చి ఇరవై అయిదున మారేది. అంటే 1674 డిసెంబరు తర్వాత వచ్చే జనవరి, ఫిబ్రవరి కూడా 1674 లెక్కలోకే వస్తాయి. మార్చి ఇరవై అయిదు వస్తే గాని 1675 రాదు. ఈ సంగతి నాకు తెలియక కాదు. బడి పిల్లలు ఆఫీసు చూడటానికి వచ్చినప్పుడల్లా ముప్ఫై ఒక్క ఏళ్ళు నేనే సుద్దముక్కతో రాసి చూపించాను. కాని అసలు పుస్తకాన్ని నూరేళ్ళ పైబడి ఎవరూ విప్పలేదు. మా ముత్తాత టౌన్ క్లర్క్‌గా ఉన్నప్పుడు శుభ్రంగా నకలు తీశాడు. ఆయనకు అన్నీ పొందికగా ఉండాలి. పుట్టుకలన్నీ ఒక చోట, చావులన్నీ ఒక చోట, జనవరి నుంచి డిసెంబరు దాకా నెలల వారీగా సర్దాడు. ఆ సర్దుడులో ఏది ముందో ఏది వెనకో కొట్టుకుపోయింది. మేమంతా ఆ నకలు చూసే బతికాం.

అసలు పుస్తకంలో సర్దుడేమీ లేదు. ఏది జరిగితే అది రాసుకుంటూ పోయారు. దారి తప్పిన ఎద్దు, కూలిన కంచె, ఎవరి పందికి చెవి ఎలా కోశారన్న గుర్తు, మధ్యమధ్య చావూ పుట్టుకా. గోధుమరంగు సిరా మీద వేలు ఆనించకుండా వరస వెంట కళ్ళు నడిపించాను. డిసెంబరు 3, 1674, జేబెజ్ టాల్‌మన్ కూతురు హెప్సిబా పోయింది. దాని కింద జాన్ హాస్కెల్ పంది, ఎడమ చెవికి రెండు గాట్లు. దాని కింద, ఫిబ్రవరి 9, 1674, జేబెజ్ టాల్‌మన్‌కు కూతురు పుట్టింది, పేరు హెప్సిబా.

ఇద్దరు పిల్లలు. ఒకతె డిసెంబర్లో పోయింది. రెండు నెలలకు ఇంకొకతె పుడితే అదే పేరు పెట్టారు. మా అమ్మ చేసిన పనే జేబెజ్ పెళ్ళాం కూడా చేసింది. ఈ సంగతి లోకంలో ఇంకెవరికి తట్టకపోయినా నాకు తట్టాలి. పోయిన పిల్ల పేరు మోసుకుంటూ డెబ్భై ఆరేళ్ళు బతికినదాన్ని, అలాగే బతికిన ఇంకో ఆడపిల్లను నా చేత్తో లెక్కలోంచి కొట్టేశాను.

"అంటే వార్డ్‌వెల్ వాళ్ళు చెప్పింది నిజమేనా?" నా భుజం మీంచి తొంగి చూస్తూ అడిగాడు వారెన్.

"రెండు బైబిళ్ళూ నిజమే."

"మరి అబద్ధం ఎవరాడినట్టు?"

"ఎవరూ ఆడలేదు. నేను చదవలేదు, అంతే."

అయినా కాగితాన్ని నమ్మి ఒకసారి బోర్లా పడ్డాను గనక, దాన్ని పట్టుకుని పెర్సిస్ ఎదుటికి వెళ్ళబుద్ధి కాలేదు. డిసెంబర్లో పోయిన పిల్లకు కొండ మీద ఉత్తరం మూలన ఎర్రరాయి ఒకటి ఉంది. పేరు, సంవత్సరం కనిపిస్తాయి. వయసు చెక్కిన వరస ఎప్పుడో నేలలోకి దిగిపోయింది. మా రాళ్ళు ప్రతి చలికాలం కాస్త కాస్త కుంగుతాయి. మర్నాడు పొద్దున్నే కెటిల్ నిండా వేడినీళ్ళు పోసి, తువాలు చుట్టి, పూలమొక్కల తవ్వుగోల పట్టుకుని కొండెక్కాను. దారిలో పాకం కాచుకోవడానికి మేపుల్ చెట్లకు కట్టిన బాల్చీల్లో రసం టప్‌టప్‌మని పడుతోంది. గోడ నీడన ఇంకా మురికి మంచు ఉంది.

మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళు పోశాను, తవ్వాను, మళ్ళీ పోశాను. చేతులు కొంకర్లు పోయాయి. వయసు పది నెలలని కనిపిస్తే నేను మళ్ళీ తప్పు, పెర్సిస్ మళ్ళీ ఎవరూ కాదు. మట్టి కింద ఒక గీత, ఒక వంపు తగిలాయి. వేలికి తువాలు చుట్టి తుడిచాను. వయసు మూడేళ్ళు. గట్టిగా, లోతుగా చెక్కాడు ఎవరో. మూడేళ్ళ పిల్ల, పది నెలల పిల్ల కాదు. ఆ బురదలోనే కూర్చుని ఏడ్చాను. సంతోషమో సిగ్గో నాకే తెలియలేదు, రెండూ అయ్యుంటాయి.

గుడ్డలు మార్చుకోవడానికి ఇంటికి వెళితే మళ్ళీ వంతెన సగంలో ఆగిపోతానని తెలుసు. అలాగే నది ఒడ్డుకు, పెర్సిస్ ఇంటికి దిగాను.

పెర్సిస్ వంటింట్లో కిటికీ దగ్గర కూర్చుని, పాత కోట్లు చింపిన ఉన్ని పేలికలను జడల్లాగా అల్లుతోంది, చాప కోసం. చూపు బాగా తగ్గిందని విన్నాను. వేళ్ళు మాత్రం చకచకా ఆడుతున్నాయి.

"ఎవరూ?"

"నేను. హెప్సీని."

వేళ్ళు ఆగలేదు. "ఏ హెప్సీ?"

"ఎంతమంది హెప్సీలు తెలుసే నీకు?"

"ఒకత్తి ఉండేది. టౌన్ క్లర్క్ అయ్యాక పోయింది, పాపం." తల తిప్పి నా పాదాల వైపు చూసింది. "కాళ్ళు తుడుచుకో. కొండంతా మోసుకొచ్చావు."

తుడుచుకున్నాను. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. పుస్తకంలో వరస, జాన్ హాస్కెల్ పంది, మార్చిలో మారే సంవత్సరం, మట్టి కింద మూడేళ్ళ వయసు, అంతా. చివర్న, "తప్పు నాదే పెర్సిస్. మీ ముసలమ్మ జేబెజ్ సొంత కూతురే. అందరి ముందూ నిన్ను నవ్వులపాలు చేశాను. అది కూడా తప్పే" అన్నాను.

మొదట భుజాలు కదిలాయి. తర్వాత బిగ్గరగా నవ్వింది, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "డిసెంబరు నుంచి ఫిబ్రవరికి రావడానికి నీకు పదిహేడేళ్ళు పట్టిందా! మా ఆల్వా కుంటి గుర్రం కూడా ఇంతకన్నా ముందొచ్చేది కదే!"

"నవ్వు. నవ్వే హక్కు నీకుంది."

"హక్కుల సంగతి నువ్వు చెప్పకు. కూర్చో."

కూర్చున్నాను. పొద్దున బయల్దేరేటప్పుడే జేబులో పెట్టుకున్న కాగితం తీసి బల్ల మీద పరిచాను. "కొండ మీద రెండు చోట్లున్నాయి. మొదటిది నీది. ఈ నెలాఖరులోగా రాసివ్వాలి. చౌరస్తా రాయి మీద కూడా నీ పేరు నేనే దగ్గరుండి చెక్కిస్తాను."

"ఏ రాయి?"

"పండగ రాయి. అప్పుడు నువ్వు కాగితం అడిగింది దానికోసమేగా."

వేళ్ళు ఆగిపోయాయి. "దానికోసమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అనుకున్నాను."

"ఆ రాయి మీద పేరెందుకే నాకు, పావురాలు రెట్టలెయ్యడానికా?" అంది. గొంతులో నవ్వు పోయింది. "అంతకు ముందేడు మే నెలలో నేను మా అమ్మ సమాధికి పూలు పెట్టి కొండ కింద నుంచి వస్తున్నాను. పైన నువ్వు కనిపించావు. మీ నాన్నకు పెట్టావు, మీ అమ్మకు పెట్టావు. గొర్రెపిల్ల దగ్గరికొచ్చేసరికి పదడుగుల అవతలే ఆగిపోయి, పూలు అక్కడి నుంచే విసిరేసి వెనక్కి తిరిగావు. అరవై ఏళ్ళ మనిషివి. ఇంటికొచ్చి ఆల్వాతో చెప్పాను, నన్ను కొండ మీద పెట్టండయ్యా, దాన్ని ఒంటరిగా ఆ రాయి పక్కన వదలలేను అని. సరేనన్నాడు పిచ్చి మారాజు. చోటు రాయించుకోవాలంటే నీ సంతకం కావాలన్నారు. అందుకొచ్చాను."

నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

"చెప్పొచ్చుగా," అన్నాను.

"చెప్పనిచ్చావా?"

"ఇప్పుడు రావే. చోటు అలాగే ఉంది. ఇంకెవరూ కాదనరు. రావే పెర్సిస్." జీవితంలో నేను ఎవర్నీ బతిమాలి ఎరగను. ఆరోజు బతిమాలాను.

ఆమె నా చేతి కోసం బల్ల మీద తడుముకుంది. మట్టి తగిలినట్టుంది, గోళ్ళ దగ్గర వేలితో రాసి చూసింది. "ఎలా వస్తానే? ఆల్వా పోయేముందు నా చెయ్యి పట్టుకుని అడిగాడు, పక్కనే ఉంటావా, కొండకే పోతావా అని. ఉంటానన్నాను. యాభై ఏళ్ళు పక్కన పడుకున్నవాడు. రాయి మీద అతని పేరు పక్కనే నా పేరు చెక్కేశారు, పుట్టిన ఏడు వేసి, పోయే ఏడుకి జాగా వదిలారు. నాకూ నా పేరున్న రాయొకటి ఉంది ఇప్పుడు. ఆదివారం ఆదివారం వెళ్ళి తడిమి చూస్తుంటాను. అదేం చెయ్యదే హెప్సీ. ఉత్త రాయి."

"నీకేం, పక్కన ఆల్వా ఉన్నాడు."

"అదీ నిజమే," అంది.

బల్ల మీది కాగితాన్ని వేళ్ళతో తడిమింది. తర్వాత, "మొదటి చోటు నా పేరున రాస్తే అందులో ఇంకెవర్నయినా పెడతారా?" అని అడిగింది.

"పెట్టరు. పేరు రాసిచ్చాక అది నీదే."

"నేను రాకపోయినా?"

"రాకపోయినా."

"నిన్ను జరిపి అందులోకి తోస్తారా?"

"తొయ్యరు."

"అయితే రాసెయ్యి. ఖాళీగా ఉండనీ. మధ్యలో నేనున్నాననుకో." పేలికలు మళ్ళీ అందుకుంది. "శనివారం బీన్స్ వండుతాను, తిందువుగాని రా. యాపిల్ పై పట్టుకురా. ఈసారి వంతెన దాటించి పట్టుకురా."

"వంతెన సంగతి నీకెవరు చెప్పారు?"

"యాపిల్ పై పట్టుకుని వంతెన మీద దిక్కులు చూస్తూ నిలబడితే ఈ ఊళ్ళో ఎవరికీ కనిపించవనుకున్నావా? ఆరోజు గుమ్మంలోనే కూర్చున్నాను నేను."

మర్నాడు పేర్లు మార్చి రాసిన కాగితం వారెన్‌కు ఇచ్చాను. అతను కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "ఒకటో చోటు, పెర్సిస్ వార్డ్‌వెల్ బీబీ, జేబెజ్ రెండో హెప్సిబా సంతతి. రెండో చోటు, హెప్సిబా టాల్‌మన్. మిస్ టాల్‌మన్, ఆవిడకు ఆల్వా పక్కన రాయి ఉంది కదండీ?"

"ఉంది."

"మరి ఈ చోటు ఎప్పటికీ ఖాళీయేనా?"

"ఖాళీయే. రాసుకో."

అతను నా మొహం చూసి ముద్ర వేశాడు. ఇంటికి పోకుండా కొండ వైపు నడిచాను. ఆరోజు గోడ దగ్గర ఆగలేదు, పదడుగుల అవతలా ఆగలేదు. గొర్రెపిల్ల రాయి దాకా వెళ్ళి దాని తల మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. పెర్సిస్ చెప్పినట్టు ఉత్త రాయి. నాకింక దానంటే భయం లేదు.

అక్కడి నుంచి గోడ దాకా అడుగులు లెక్కపెట్టాను. మొదటి నాలుగడుగులు పెర్సిస్‌వి. తొమ్మిదేళ్ళ పిల్ల గడ్డిలో వెల్లకిలా పడుకుని, వచ్చి పడుకో అని నన్ను పిలిచిన నేల. ముందు రోజు దాకా నా భయమంతా రాయి గురించే అనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ నాలుగడుగుల వైపే చూడలేకపోయాను. తొమ్మిదేళ్ళప్పుడు పెర్సిస్ నన్ను "ఎందుకే" అని అడిగింది. ఆఫీసు బల్ల దగ్గర, అందరి ముందూ, నేను కూడా ఆ ఒక్క మాట అడిగి ఉంటే, ఈ ఖాళీ బదులు ఇక్కడికి పెర్సిస్ మనిషే వచ్చేది.